రాజు పేరు తమార్

మోటుపల్లి గురించి, ఆ సీమను ఏలిన తెలివైన రాణి గురించి మార్కోపోలో రాసింది తెలుగువాళ్లు మురిపెంగా చెప్పుకుంటారు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారుల లెక్క. అదే పుస్తకంలో జార్జియా ముచ్చట కూడా ఒకటుంది. పూర్వం అక్కడి రాజులంతా కుడి భుజం మీద గద్ద గుర్తుతో పుట్టేవారట!

పుట్టుమచ్చ సంగతి అలా ఉంచితే, ఆ వంశం మాత్రం ఆషామాషీది కాదు. బగ్రాతియోనీలు బైబిల్ దావీదు వారసులమని చెప్పుకున్నారు. 9వ శతాబ్దంలో మొదలైన వారి ఏలుబడి 1801లో తూర్పు జార్జియాను, 1810లో పడమటి ఇమెరెతీని రష్యా కలిపేసుకునేదాకా ఏదో ఒక రూపంలో సాగింది. అయితే దాన్ని నిలబెట్టింది రక్తం కంటే లౌక్యమే.

నిర్మాతగా పేరుపడ్డ నాలుగో దావిత్ సంగతే చూడండి. 1089లో పదహారేళ్లకు గద్దెనెక్కాడు. సెల్జుక్ తురుష్కులకు కప్పం ఆపేశాడు. సొంత సామంతుల మీద నమ్మకం చాలక, స్టెప్పీ మైదానాల నుంచి కిప్చాక్ కుటుంబాలను వేల సంఖ్యలో రప్పించి భూములిచ్చి సైన్యంగా మలిచాడు. 1121లో దిద్గోరీ దగ్గర పెద్ద సేనను ఓడించి, మరుసటేడు తిబిలిసీని పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఆ ఊరి ముస్లింలకు రక్షణ కల్పించాడు, వాళ్ల పేటలో పందిని కోయకూడదన్నాడు. గెలిచినవాడికి అంత నిగ్రహం ఉండటం ఆ రోజుల్లో అరుదు.

ఆయన మునిమనవరాలు తమార్. తండ్రి మూడో గియోర్గి 1178లోనే ఆమెకు కిరీటం పెట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1184లో ఆయన పోగానే ప్రభువులు బిగుసుకున్నారు. ఖజానా చూసే కుత్లు అర్స్‌లాన్ కొత్త పేచీ పెట్టాడు: తిబిలిసీలోని ఇసానీలో ఒక డేరా వేసి సభ తీరుస్తాం, నిర్ణయాలు మావి, అమలు ఆమెది. ఇంగ్లండులో రాజు అధికారానికి హద్దులు గీసిన మాగ్నా కార్టాకు ఇంకా ముప్ఫై ఏళ్లుంది! తమార్ అతణ్ని బంధించింది. అతని మనుషులు కత్తులు దూస్తే, సేనను పంపలేదు. ఇద్దరు పెద్దింటి స్త్రీలను రాయబారం పంపింది. డేరా లేవలేదు గానీ, దర్బారులో ప్రభువుల మాటకు బరువు పెరిగింది.

పెళ్లి కూడా వాళ్లు కుదిర్చిందే. రష్యన్ రాకుమారుడు యూరీని తెచ్చి కట్టబెట్టారు. రెండేళ్లకే విడాకులిచ్చి దేశం దాటించింది. అతగాడు రెండుసార్లు తిరగబడి వచ్చి రెండుసార్లూ ఓడాడు, ప్రాణాలతో వదిలేసింది. రెండో భర్త దావిత్ సోస్లాన్‌ను మాత్రం తానే ఎంచుకుంది.

ఇంత చేసినావిడను మనం ‘తమార్ రాణి’ అంటాం. జార్జియన్లకు ఆమె ‘మెపే’, అంటే రాజు. రాజు భార్యకు వాళ్ల భాషలో ‘దెదోపాలి’ అనే వేరే మాట ఉంది. ఆమె వేయించిన రాగి నాణెం ఒకవైపు జార్జియన్ అక్షరాల్లో ఆమె పేరు గుర్తుంటుంది, రెండోవైపు అరబ్బీలో ‘రాణులకు రాణి’ అని. అది ఇరుగుపొరుగు బజార్లలో చెల్లుబాటయ్యే భాష. మనకిది కొత్తేం కాదు, రుద్రమ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజే. తమార్‌ను తెలుగులో రాసేటప్పుడు రాజనే రాయాలి.

వైద్యవిద్య కోసం జార్జియా వెళ్లిన తెలుగు పిల్లలకు ఒక మాట. సెలవు దొరికితే కుతైసీ దగ్గరి గెలాతీ మఠం చూసిరండి. 1106లో దావిత్ కట్టించడం మొదలుపెట్టింది. పాత దక్షిణ ద్వారంలో నేల మీద పరిచిన పెద్ద బండ కింద ఆయన సమాధి ఉంది, వచ్చేవాళ్లంతా తన మీదుగా నడవాలని కోరాడట. ఆ పక్కనే, ఆయన కొడుకు గంజా నగరం నుంచి ఎత్తుకొచ్చిన ఇనుప తలుపు. తమార్ సమాధి కోసం మాత్రం వెతక్కండి. అదెక్కడుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.