పొదను సిఫార్సు చేసే ముందు: హనీసకుల్ నేర్పే పాఠం

పక్షులకు, సీతాకోకచిలుకలకు ఆశ్రయమిచ్చే పూల పొదలను పెరట్లో పెంచవలసిందిగా సూచించడం నేడు ఉద్యాన విస్తరణలో ఒక భాగమైంది. అయితే ఇటువంటి సూచనల్లో మొక్క అందం, పెరుగుదల వేగం, నారు లభ్యత ముందు నిలుస్తాయి. ఆ మొక్క ఏ నేలకు చెందినది, ఏ జీవికి ఏ దశలో ఉపయోగపడుతుంది అనే ప్రశ్నలు వెనుకబడతాయి. వీటిని విస్మరిస్తే విస్తరణ వ్యవస్థ తన చేతులతోనే కలుపును పంచిపెట్టే ప్రమాదముంది. అమెరికాలోని హనీసకుల్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

ఈశాన్య ఆసియాకు చెందిన అమూర్ హనీసకుల్ 19వ శతాబ్దం చివర అలంకరణ మొక్కగా అమెరికా చేరింది. 1960ల నుంచి 1980ల వరకు అక్కడి ప్రభుత్వ నేల సంరక్షణ విభాగం నేలకోత నివారణకు, వన్యప్రాణుల ఆహారానికి దీనిని ప్రోత్సహించింది. పక్షులు ఎర్రని పండ్లను తిని విత్తనాలను అడవులకు చేర్చాయి. స్థానిక మొక్కలకంటే ముందుగా చిగురించి, ఆలస్యంగా ఆకు రాల్చే ఈ పొద నీడలో వసంతకాలపు చిన్న పూల మొక్కలు క్షీణించాయి. పండ్లలో చక్కెరలు ఎక్కువ, వలస పక్షులకు కావలసిన కొవ్వు తక్కువ. విదేశీ హనీసకుల్ పొదల్లో రాబిన్ పక్షులు కట్టిన గూళ్లు, స్థానిక మొక్కలపై కట్టినవాటికంటే ఎక్కువగా శత్రుజీవుల పాలయ్యాయని 1999లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. పక్షి వాలినంత మాత్రాన మొక్క దానికి మేలు చేసినట్లు కాదు.

ఉత్తర అమెరికాకు తనదైన హనీసకుల్ పొదలు లేకపోలేదు. తూర్పు ప్రాంతపు డయర్విల్లా సుమారు మీటరు ఎత్తు పెరిగి, పిలకలతో వ్యాపించి, వాలు నేలలను పట్టి ఉంచుతుంది. దాని పసుపు పూలకు బంబుల్ తేనెటీగలు ముఖ్య అతిథులు. పశ్చిమ ప్రాంతపు వాగుల ఒడ్డున పెరిగే ట్విన్‌బెర్రీ జంట పూలు హమ్మింగ్ పక్షులకు మకరందమిస్తాయి. మొదటిది పొడి నేలను ఓర్చుకుంటుంది, రెండవది తేమను కోరుతుంది. స్థానికత దేశం పేరుతో తేలేది కాదు. నేలను, నీటిని బట్టి తేలవలసినది.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. వంటచెరకు కోసం 1877లో కడప ప్రాంతంలో నాటిన మొక్క నేడు ఎక్కడెక్కడ విస్తరించిందో రైతులకు తెలుసు. దానికి ప్రజలు పెట్టిన సర్కారు తుమ్మ అనే పేరే అది ఎవరి సిఫార్సుతో వచ్చిందో చెబుతుంది. మన మెట్ట నేలలకు తగిన పొద తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మ పువ్వుగా గౌరవం పొందిన ఈ మొక్కకు పెరట్లో మాత్రం చోటు అరుదు. తంగేడు పూలలో మకరందం ఉండదు, పుప్పొడి ఉంటుంది. కేసరాల కొనల రంధ్రాల నుంచి దానిని కంపనంతో రాల్చుకోగల గండు తుమ్మెదలకు అది ఆహారం. లేత ఆకులు కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు మేత. మకరందం కోరే తేనెపిట్టలకు ఎర్రని పూల ధాతకి తగినది. ఒకే పొద అన్ని జీవులకూ సరిపోదు.

కనుక ప్రతి సిఫార్సు పత్రంలో నాలుగు అంశాలు తప్పనిసరి కావాలి: మొక్క సహజ ఆవాసం, దానివల్ల ప్రయోజనం పొందే జీవి, ఆ జీవి జీవిత దశ, విత్తనం వ్యాపించే తీరు. ఆకు తిన్న పురుగును చూసి మందు చల్లవద్దని గృహస్థునికి చెప్పడం కూడా విస్తరణ బాధ్యతే. గొంగళిపురుగును చంపిన పెరట్లో సీతాకోకచిలుకను ఆశించలేము. కృషి విజ్ఞాన కేంద్రాల నర్సరీలు సమీప మెట్టల నుంచే తంగేడు, ధాతకి విత్తనం సేకరించి నారు పెంచాలి. విద్యార్థులు ఏడాది పొడవునా ఒక్కొక్క పొదను గమనించి, వచ్చిపోయే జీవులను నమోదు చేయాలి. ఆ నమోదులు లేకుండా చేసే సిఫార్సు అంచనా మాత్రమే. హనీసకుల్ విషయంలో జరిగిందీ అదే.