రేపటి గుమ్మంలో అడుగు పెట్టేదెవరు?



మన బ్రాంచి సమావేశాలలో భవిష్యత్తును గురించిన చర్చ అంతా యంత్రం చుట్టూనే తిరుగుతున్నది. అది సహజమే. 1995లో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజను ఆగిపోయింది, 2013 జూలైలో టెలిగ్రాం నిలిచిపోయింది, 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. ఇవన్నీ మనవారి పనిని మార్చివేసిన సంగతులే.

కాని అంతకంటె పెద్ద మార్పు ఒకటి మన ఇళ్ళలోనే చడీచప్పుడు లేకుండా సాగుతున్నది. 2011 జనాభా లెక్కలలో అరవై ఏళ్ళు పైబడినవారు సుమారు 10.4 కోట్లు, అంటే నూటికి ఎనిమిదిన్నర మంది. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే కాగలరని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో అంచనా వేసింది. దక్షిణాదికి ఆ స్థితి ముందుగానే వస్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8; జనాభా తగ్గకుండా ఉండడానికి 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయరాదన్న ముప్ఫై ఏళ్ళనాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తానే తొలగించుకొన్నది. పాలకులకు సంగతి తెలియదనుకోవడానికి వీలులేదు.

ఈ అంకెలకు గ్రామంలో అర్థమేమిటి? ఉన్న ఒక్క కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు. ఇంట్లో ఒక ముసలి తల్లి, ఒక సెల్‌ఫోను మిగులుతాయి. ఆ గుమ్మంలోకి ప్రభుత్వం తరఫున అడుగుపెట్టే మనిషి ఎవరు? తెలంగాణ పల్లెలలో ఆసరా పింఛన్లు చాలాచోట్ల బ్రాంచి పోస్టాఫీసుల ద్వారానే అందుతూ వచ్చాయి. 2020 నవంబరు నుండి పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం కూడా పోస్టుమాన్ ఇంటికి వచ్చి తీసుకొంటున్నాడు. కూలిపనిలో అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తించకపోతే, చేయి తుడిపించి, మరో వేలు పెట్టించి, ఓపికగా కూర్చునేది మన మనిషే. ఆ ఓపికకు ఏ వర్క్‌లోడ్ లెక్కలోను చోటు లేదు.

శాఖ కొలిచేది మరొకటి. సాధారణ గ్రామంలో బ్రాంచి ఆఫీసుకు ఖర్చులో మూడవ వంతు, కొండ, గిరిజన ప్రాంతాలలో 15 శాతం ఆదాయం రావాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. ముసలివారు ఎక్కువైన ఊరిలో పని పెరుగుతుంది, ఆదాయం పెరగదు. ఆ పనిని మోసేవారా, గ్రామీణ డాక్ సేవకులు! వారివి సివిల్ పోస్టులేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పినా, నాలుగైదు గంటల పనివారన్న పేరుతో నేటికీ రెగ్యులర్ ఉద్యోగుల వరుసకు వెలుపలనే ఉంచబడ్డారు.

రైల్వే సోదరుల సంగతి వేరు కాదు. వృద్ధుల టిక్కెట్టు రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడింది. కౌంటరు మూసి ఫోనులో టిక్కెట్టు కొనమంటే, మెట్ల వంతెన ఎక్కలేని మనిషికి చిన్న స్టేషనులో దారి చూపేవారెవరు? టిక్కెట్ల అమ్మకాన్నే పనిగా లెక్కించినంతకాలం ఆ పోస్టు రద్దు కావడానికి కారణం సిద్ధంగానే ఉంటుంది.

ఇది సంఘసేవ, యూనియన్ పని కాదని కొందరు మిత్రులు అనవచ్చు. నేను అంగీకరించను. ఉత్తరాల సంఖ్యను పట్టుకొని పోస్టుల కొరకు వాదిస్తే ఏటేటా ఓడిపోతాము. మనుషుల సంఖ్యను పట్టుకొంటే వాదన మన చేతిలోకి వస్తుంది, ప్రజలు కూడా మన పక్కన నిలుస్తారు. 2004 జనవరి 1 తరువాత చేరిన మన యువ సభ్యులు హామీలేని కొత్త పింఛను పథకంలో చేరవలసివచ్చినవారు. రేపు ఆ గుమ్మంలో కూర్చునేవారిలో వారూ ఉంటారు!

కనుక రాబోయే మహాసభకు ప్రతి తపాలా బ్రాంచి తన బీట్లలో ఒంటరిగా ఉన్న వృద్ధులెందరో, ఒక పింఛను చెల్లింపుకు నిజంగా ఎన్ని నిమిషాలు పడుతున్నదో రాసి తేవాలి. రైల్వే బ్రాంచీలు కౌంటరు మూతపడిన స్టేషన్ల జాబితా తేవాలి. డిమాండ్ల పత్రంలో పని ప్రమాణాల అధ్యాయాన్ని ఆ కాగితాలను ముందు పెట్టుకొనే రాద్దాము.