'ఎన్ని వచ్చాయి?' కన్నా ముందు 'ఏది రాలేదు?'



వీక్లీ టెస్టుల్లో కాపీ ఆపడానికి పక్కపక్క పిల్లలకు వేర్వేరు సెట్ల పేపర్లు ఇస్తున్నాం. సీట్లు మారుస్తున్నాం. లెక్కల్లో స్టెప్పులకూ మార్కులు వేస్తున్నాం. అయినా కాపీ పూర్తిగా ఆగలేదు. ఎందుకో మొన్న అర్థమైంది.

ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఇద్దరి లెక్కలో ఒకటే తప్పు: ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌లో టూ ఏబీ లేదు. పిలిచి అడిగితే ఒక బాబు తలొంచుకుని అన్నాడు: "మార్కులు తగ్గితే ఇంట్లో ఊరుకోరు సార్."

అతను చూసి రాసింది తప్పు కాబట్టి దొరికాడు. అదే ఒప్పయితే ఫుల్ మార్కులు వేసి పంపేవాళ్లం. ఆ సూత్రం రాదన్న సంగతి మాకూ తెలిసేది కాదు, మీకూ తెలిసేది కాదు. అసలు టెస్టు పెట్టేదే అది తెలుసుకోవడానికి కదా!

పదో తరగతి మెమోలో వీక్లీ టెస్టు మార్కులు ఉండవు. రేపు నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అక్కడ పక్కవాడి పేపరు సాయం రాదు.

మా వైపూ తప్పుంది. వాట్సాప్ గ్రూపుల్లో ర్యాంకుల లిస్టు పెట్టి పోటీ పెంచింది మేమే. అది మానేయాలన్నది నా అభిప్రాయం.

మీరు చేయాల్సింది చిన్నదే. శనివారం పేపరు ఇంటికి రాగానే మార్కుల కన్నా ముందు, "ఏది రాలేదు నాన్నా?" అని అడగండి. రాలేదని చెప్పినా తిట్లు పడవని తెలిసిన పిల్లలు పక్కకి చూడరు.

మీ పిల్లల లెక్కల మాస్టారు