మూటలెక్కిన బస్సును తూచేదెవరు?

సూరత్‌లో బట్టల మార్కెట్లు మూసే వేళకు ప్రైవేటు స్లీపర్ బస్సుల దగ్గర హడావుడి మొదలవుతుంది. చాలా బస్సుల్లో ప్రయాణికుల కంటే ముందు పార్సిళ్లు ఎక్కుతాయి. డిక్కీ నిండితే టాప్ మీదికి చేరుతాయి. నగరం దాటి కామ్‌రేజ్ దగ్గర 48వ నంబరు జాతీయ రహదారి ఎక్కేసరికి బస్సు మొత్తం బరువెంతో డ్రైవరుకు కూడా తెలియదు. పక్కనే వెళ్లే లారీకైతే చాలాసార్లు వేబ్రిడ్జి చీటీ ఉంటుంది. బస్సుకు ఆ అలవాటే లేదు.

ఇది గుజరాతీ వ్యాపారుల గొడవే కదా అనుకోవడానికి లేదు. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడుపుతోందంటే ఆ జనాభా ఎంతో ఊహించుకోవచ్చు. పండక్కో, పెళ్లికో, చావుకో వాళ్లు ఊరికి వచ్చేది ఎక్కువగా రైల్లో. టికెట్ దొరక్కపోతే ఇలాంటి బస్సుల్లోనే.

చిక్కు చట్టం రాసిన తీరులోనే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన గరిష్ఠ బరువు దాటి ఏ వాహనాన్నీ నడపకూడదు. బస్సూ అందులో భాగమే. కానీ అనుమానం వస్తే వాహనాన్ని కాటాకు పంపే అధికారం ఇచ్చే 114వ సెక్షన్ సరుకు రవాణా వాహనాలు, ట్రైలర్ల గురించే మాట్లాడుతుంది. అంటే బస్సుకు పరిమితి ఉంది, దాన్ని తూయించే స్పష్టమైన దారి లేదు. ప్రయాణికుల సొంత సామాను కాకుండా వాహనంలో వెళ్లే వస్తువులన్నీ సరుకేనని అదే చట్టంలోని నిర్వచనం చెబుతోంది. ప్రత్యేకంగా సరుకు కోసం తయారు కాని వాహనమైనా, సరుకు మోస్తున్నప్పుడు దాన్ని ‘గూడ్స్ క్యారేజ్’గా పరిగణించవచ్చు. పట్టుదల ఉన్న అధికారి ఈ రెంటినీ కలిపి చదివి పార్సిళ్ల బస్సును కాటాకు పంపవచ్చు. ఆచరణలో అంత దూరం వెళ్లేవారు తక్కువ. పర్మిట్ షరతుల ఉల్లంఘన కింద 10,000 రూపాయల జరిమానా రాసి పంపేయడం తేలిక.

అదే 194వ సెక్షన్ కిందికి వస్తే లెక్క మారిపోతుంది. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000, పైగా లోడు దింపే ఖర్చు. పరిమితికి మించి ఎత్తుగా లోడు వేసినా 20,000. సాధారణ బస్సుకు ఎత్తు పరిమితి 3.8 మీటర్లు. రెండంతస్తుల బెర్తులున్న బస్సు ఖాళీగా ఉన్నప్పుడే ఆ గీతకు దగ్గర్లో ఉంటుంది. దాని టాప్ మీద మూటలు వేస్తే తూచనక్కర్లేదు, టేపు పెడితే చాలు.

బరువు సంగతి చిన్న కూడికతో అర్థమవుతుంది. 30 బెర్తుల బస్సులో మనిషికి బ్యాగుతో కలిపి 80 కిలోలు అనుకుంటే 2.4 టన్నులు. 50 కిలోల పార్సిళ్లు 60 వేస్తే 3 టన్నులు. బస్సు తన ప్రయాణికులందరి కంటే ఎక్కువ బరువును నెత్తి మీదా డిక్కీలోనూ మోస్తోందన్నమాట. టాప్ మీది బరువు మలుపులో బస్సును పక్కకు లాగుతుంది. మొత్తం బరువు పెరిగేకొద్దీ బ్రేకు వేశాక ఆగే దూరం, టైర్ల వేడి పెరుగుతాయి. పార్సిల్లో ఏముందన్నది ఇంకో ప్రశ్న. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బైకును ఢీకొన్న బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సులో మొబైల్ ఫోన్ల పార్సిల్ ఉన్నట్టు తర్వాత తేలింది.

ఆపి చూసే చోట్లు కూడా తగ్గిపోతున్నాయి. గుజరాత్ 2019 నవంబర్‌లో 16 రవాణా చెక్‌పోస్టులు ఎత్తేసింది. తెలంగాణ 2025 అక్టోబర్‌లో అదే బాట పట్టింది. చెక్‌పోస్టుల్లో సాగిన వసూళ్లు తెలిసినవాళ్లెవరూ వాటి కోసం కన్నీరు పెట్టరు. కానీ వాటి స్థానంలో రావాల్సిన సాంకేతిక నిఘా బస్సుల బరువు దాకా రాలేదు.

యూరప్‌లో మోటర్‌హోమ్ వేసుకుని దేశాలు తిరిగేవారి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే పరిమితి సాధారణంగా 3,500 కిలోలు. మనుషులు, నీళ్ల ట్యాంకు, వెనక కట్టిన సైకిళ్లు అన్నీ అందులోకే వస్తాయి. బ్రిటన్‌లో 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవారికి ఆ గీత దాటాలంటే వేరే లైసెన్సు కావాలి. సొంత కుటుంబంతో సెలవుకు వెళ్లేవాళ్లు కూడా బయల్దేరే ముందు బండిని కాటా మీద పెట్టి చూసుకుంటారు. మన దగ్గర డబ్బు తీసుకుని 30 మందిని వెయ్యి కిలోమీటర్లు తీసుకెళ్లే బస్సుకు ఆ పాటి పట్టింపు లేదు.

వ్యాపారి వైపు నుంచి కూడా చూడాలి. ఈ రాత్రి పంపిన చీరలు రేపు దుకాణంలో ఉండాలి. లోడు నిండేదాకా ఆగే లారీతో ఆ పని కాదు. బస్సులో పార్సిల్ పంపడమే తప్పనడం కూడా సరికాదు, మన ఆర్టీసీలు కార్గో వ్యాపారం బాహాటంగానే చేస్తున్నాయి. ఎంత బరువు, ఎక్కడ పెట్టారు, లెక్క ఎవరి దగ్గర ఉంది అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ఆ లెక్కలో కొంత ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది. 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాలి, అందులో వాహనం నంబరు రాయాలి. ఆ నంబరు బస్సుదో లారీదో వాహన్ డేటాబేస్ చెబుతుంది. ఈ-వే బిల్లులను ఫాస్టాగ్‌తో 2021లోనే కలిపారు. బిల్లు లేకుండా, విలువ తగ్గించి, ముక్కలు చేసి పంపే సరుకు ఈ వలలో పడదు, నిజమే. దానికి టోల్‌ప్లాజాల్లో కదులుతుండగానే తూచే యంత్రాలున్నాయి. కామ్‌రేజ్ దగ్గరి చోర్యాసి వంటి టోల్‌ప్లాజాల్లో బస్సుల బరువునూ నమోదు చేసి, ఆర్సీలోని అంకెతో పోల్చి రవాణా శాఖకు పంపడానికి కొత్త రోడ్డేమీ వేయనక్కర్లేదు. 114వ సెక్షన్‌లో ‘సరుకు రవాణా వాహనం’ అన్నచోట ‘రవాణా వాహనం’ అని మారిస్తే చాలు, అధికారికి నిర్వచనాల చుట్టూ తిరిగే అవసరం తప్పుతుంది. అతి బరువుతో నడిపిన డ్రైవరుతో పాటు ‘నడిపించిన, నడపనిచ్చిన’ వారినీ 194వ సెక్షన్ ఇప్పటికే బాధ్యులను చేస్తోంది. అంటే యజమాని తప్పించుకోలేడు. మూటలు బుక్ చేసిన ఆఫీసును కూడా అడగవచ్చు.