వేలెత్తేవాడు, వేలెత్తి చూపేవాడు

అంపైరు వేలెత్తుతాడు. పండితుడు వేలెత్తి చూపుతాడు. ఈ రెండూ ఒకే పని అనుకోవడం మనకి బాగా అలవాటైపోయింది. టీవీలో విశ్లేషకుడు 'అది అవుట్ కాదు' అన్నంత మాత్రాన బ్యాట్స్‌మన్ వెనక్కి రాడని క్రికెట్ చూసే పిల్లవాడికి కూడా తెలుసు. సాహిత్యం దగ్గరకి వచ్చేసరికి మాత్రం పెద్దపెద్దవాళ్లే ఆ సంగతి మర్చిపోతారు.

తేడా మాటల పుట్టుకలోనే ఉంది. అంపైరుకి మూలమైన పాత ఫ్రెంచి మాటకి అర్థం జత లేనివాడు, బేసి మనిషి అని. ఇద్దరు తగాదా పడుతుంటే ఏ పక్షమూ కాని మూడోవాడన్నమాట. మన తీర్పరి, మధ్యవర్తి. ఆ మాటలో తెలివితేటల ప్రసక్తి లేదు. పండితుడిలో ఉన్నది 'పండ', అంటే వివేకం. అందులో తటస్థత ప్రసక్తి లేదు. కంపెనీ కోర్టుల్లో కూడా పండితుడు శాస్త్రం ఏం చెబుతోందో రాసిచ్చేవాడు, తీర్పు జడ్జీ చెప్పేవాడు. ఆ జడ్జీ ఎంత తటస్థుడో వేరే సంగతి. పనులు మాత్రం రెండు.

1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి మన హైదరాబాదు వి.కె. రామస్వామిని, బొంబాయి పీలూ రిపోర్టరుని అంపైర్లుగా పెట్టారు. పాకిస్తాన్ అంపైర్లకంటే వాళ్లకి ఆట ఎక్కువ తెలుసని కాదు, వాళ్లు ఆ రెండు జట్లకీ కానివాళ్లని.

ఇదేమీ దొరల దగ్గర నేర్చుకోవలసిన విషయం కాదు. మా పామర్రు వైపు ఊళ్లలో లెక్కలు కరణానివి, చిన్నాచితకా తగవులు తీర్చే అధికారం మునసబుది. కాగితాల మీద అంతే. కానీ గట్టు ఎవరిదో తెలిసినవాడు కరణం ఒక్కడే అయినప్పుడు, చివరికి గట్టు ఎవరిదో తేల్చేవాడూ అతనే అయ్యాడు. తెలిసినవాడు తేల్చడం మొదలుపెడితే ఊరు ఏమవుతుందో జనానికి అనుభవమే. 1984లో ఆ పదవులు రెండింటినీ రద్దు చేసిన ఎన్టీఆర్ ఈ పామర్రు పక్క నిమ్మకూరు మనిషే.

తెలుగు భాషకి ఆ రద్దు ఇంకా జరగలేదు. బళ్లో పిల్లలు ఏ తెలుగు రాయాలన్న తగాదా 1910లలో వచ్చినప్పుడు జయంతి రామయ్య పంతులు పక్షంలో గొప్ప పండితులున్నారు, కాదనను. కానీ వాళ్లు ఆ తగాదాలో ఒక పక్షం. ఆడుతూనే తీర్పు కూడా చెబుతామన్నారు. గిడుగు రామమూర్తిదీ పక్షమే, అయితే ఆయన ఆ సంగతి దాచుకోలేదు. 1933లో వచ్చిన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'లో ఆయన చేసిందల్లా, తప్పులు పట్టేవాళ్ల రాతల్లో తప్పులు పట్టడం. దాంతో పాండిత్యం ఎక్కడికీ పోలేదు, పోయింది తీర్పు చెప్పే హక్కు.

ఇప్పటి సంగతి చూడండి. ఒకాయన పుస్తకానికి ముందుమాట రాస్తాడు. ఆవిష్కరణ సభలో ఆయనే పొగుడుతాడు. ఆర్నెల్లు తిరిగాక అదే పుస్తకం బహుమతికి వస్తే న్యాయనిర్ణేతల్లో ఆయనే ఉంటాడు. ఇదేమిటండీ అంటే, 'ఆయనకంటే తెలిసినవాడు ఎవరున్నారు?' అని ఎదురు ప్రశ్న. అది పండితుడిని ఎంచడానికి అడగాల్సిన ప్రశ్న. అంపైరుని ఎంచేటప్పుడు అడగాల్సింది 'ఈయన ఎవరి మనిషి?' అని.

ఏమీ తెలియనివాడు తీర్పు ఎలా చెబుతాడంటారా? నియమాలు తెలియాలి, నిజమే. అయితే అంపైరు అధికారం ఆ ఆటతో సరి. అతని తప్పుని మళ్లీ తెర మీద తిప్పి చూస్తారు, అవసరమైతే అందరి ముందూ మాట మార్పిస్తారు. పండితుడికి అలాంటి ఇబ్బందేం లేదు. నిన్న చెప్పింది తప్పైనా ఇవాళ అదే కుర్చీలో కూర్చుంటాడు. అభిప్రాయం చెప్పేవాడికి అది చెల్లుతుంది. బహుమతి ఎవరికో తేల్చేవాడికి చెల్లదు.

పండితులు మనకి కావాలి. చదవాలి, చెప్పాలి, పోట్లాడాలి, ఘాటుగానే పోట్లాడాలి. అడిగేది ఒక్కటే. ముందుమాట రాసినవారు ఆ ఏడాది తీర్పు బల్ల దగ్గర నుంచి లేవండి. లేవలేకపోతే, ఫలితం ప్రకటించే కాగితం మీదే ఆ పుస్తకానికి ముందుమాట మాదేనని రాసి సంతకం పెట్టండి.