పట్టా పుచ్చుకొన్న పిదప వైద్యుని చదువు

నెల్లూరు నుండియు చిత్తూరు నుండియు ప్రతిదినమును రోగులు చెన్నపురికి వచ్చుచున్నారు. ఊరి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటి యొకటి, తీయించిన ఎక్స్‌రే పటములు కొన్ని, నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్ము కొంత వెంటగొని, బంధువు నొకని తోడు దెచ్చుకొని, ఇచ్చటి పెద్ద డాక్టరు గది ముందఱ గంటల తరబడి కూర్చుందురు. ఆ గది గోడమీద చట్రములో బిగించిన పట్టా వ్రేలాడుచుండును. దానిమీద నొక సంవత్సరము వేసియుండును. ఆ సంవత్సరము నాటికి ఆ వైద్యునకు తెలియవలసినది తెలిసియున్నదని యొక విశ్వవిద్యాలయము సాక్ష్యము పలికినది. దరిమిలా గడచిన పదియో, ఇరువదియో, ముప్పదియో యేండ్ల సంగతి ఆ పట్టా చెప్పజాలదు. రోగి యడుగడు. ఏమని యడుగవలెనో వానికి తెలియదు. వాని పక్షమున అడుగవలసిన భారము వైద్యవృత్తిని పాలించు కౌన్సిళ్ళది. అవి యడుగుచున్న ప్రశ్న సరియైనది కాదని మా యభిప్రాయము.

అసలే యడుగుట లేదని మే మనము. 2002 సంవత్సరమున భారత వైద్యమండలి ప్రకటించిన వృత్తిధర్మ నిబంధనలలో ప్రతి వైద్యుడును అయిదేండ్లకు 30 గంటలకు తక్కువ గాకుండ వృత్తి సంబంధమైన విద్యాసభలలో పాల్గొనవలెనని యున్నది. 2020 లో ఆ మండలి పోయి జాతీయ వైద్య కమిషను వచ్చినను, ఆ నిబంధనలు నిలిచియేయున్నవి. అయిదేండ్లకు 30 గంటలనగా ఏటికి ఆఱు గంటలు. పొరుగూరి పెండ్లికి పోయి భోజనము చేసి తిరిగి వచ్చుటకు పట్టునంత కాలము. న్యాయవాదులకు సన్నదు పుచ్చుకొన్న పిదప ఆపాటి నిర్బంధమైనను లేదని యెఱిగియే మే మీ మాట వ్రాయుచున్నాము. కాని న్యాయవాది పొరపాటునకు పైకోర్టు అను దిక్కొకటి కలదు.

ఏటికి ఆఱు గంటలు చాలునా యనునది రెండవ ప్రశ్న. వైద్యుడు నేర్వవలసిన దెట్టిదో మొదట తెలిసికొనవలెను. ఇందులకు దూరదేశముల యుదాహరణము లక్కఱలేదు. ఈ పట్టణములోని చేట్‌పట్టులోనే యొకటి యున్నది.

క్షయరోగమునకు మందు లేని కాలమున విశ్రాంతియు, బలమైన ఆహారమును, మంచి గాలియునే చికిత్స. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో 1915 లోను, తాంబరములో 1928 లోను శానిటోరియములు వెలసిన దందులకే. మందులు వచ్చిన పిదపను, రోగిని ఇల్లు విడిపించి శానిటోరియములో నెలల తరబడి ఉంచవలెననియే వైద్యులు నేర్చిరి, నేర్పిరి. 1956 లో చెన్నపురిలో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పబడెను. భారత వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి దానికి పూనుకొన్నవి. పట్టణములోని యిఱుకు పేటలనుండి వచ్చిన 193 మంది రోగులను, ఎంపికలో ఎవరి యిష్టమునకును తావులేకుండ, రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు ఇంటియొద్దను, ఒక భాగమునకు శానిటోరియములోను ఏడాదిపాటు ఒకే మందులిచ్చిరి. ఇంటియొద్దనున్న వారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, గదులిఱుకు. అయినను రెండు తెగలవారికిని గుణము ఇంచుమించు సమానముగనే కలిగినదని 1959 లో ఫలితములు వెలువడెను. ఇంటిలోని తక్కినవారికి రోగ మధికముగా సోకలేదనియు తరువాత తేలెను. ప్రపంచమంతటను క్షయరోగులను సంవత్సరములకొలది కుటుంబమునకు దూరముచేయు నాచార మంతటినుండి సడలినది.

1955 లో పట్టా పుచ్చుకొన్న యొక యువవైద్యుని స్థితి నాలోచింపుడు. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టిన సమాధానము నాలుగేండ్లలో తప్పైనది. అతడు చదువులో వెనుకబడినవాడు గాడు, బుద్ధిహీనుడు గాడు. అతడు తాను నేర్చినదానిని విడువవలసి వచ్చినది. క్రొత్తది నేర్చుటకన్న పాతది విడుచుటయే కష్టము.

కథ అంతటితో నిలువలేదు. మందులున్న తిండితో పనిలేదని చెన్నపురి పరిశోధననుండి కొందఱు గ్రహించిరి. ఝార్ఖండులో 2019 మొదలు 2022 వఱకు జరిగిన పరిశోధన యొకటి 2023 లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడెను. రోగి యింటివారికి పోషకాహారము సమకూర్చినచో వారిలో క్రొత్తగా క్షయ పుట్టుట నూటికి 39 పాళ్ళు తగ్గినదని అందు తేలెను. చికిత్స మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములు తక్కువగా నుండెనని ఆ పరిశోధకులే తెలిపిరి. తాంబరములో గ్రుడ్డును పాలును పెట్టిన పాతకాలపు వైద్యులు పూర్తిగా పొరపడిరనియు అనరాదు, పూర్తిగా ఒప్పనియు అనరాదు. మందు లేనిది తిండి చాలదు. అయినను తిండి లెక్కలోనిదే. ఇట్టి మలుపులను ఒకే జీవితకాలములో రెండు మూడుమారులు దాటవలసినవాడు వైద్యుడు. ఏటికి ఆఱు గంటలు హాజరుపట్టీలో సంతకము చేసినంతమాత్రమున ఈ మలుపు దాటినట్లు ఎట్లు తెలియును?

అనుభవమే గురువుగదా యని కొందఱు పెద్ద వైద్యులు సమాధానము చెప్పుదురు. మేమును అట్లే నమ్మియుంటిమి. 2005 లో హార్వర్డు పరిశోధకులు కొందఱు అంతకు ముందు వెలువడిన 62 పరిశీలనలను ఒక్కచోట జేర్చి, వైద్యుని అనుభవమునకును అతని చికిత్స మేలుకును గల సంబంధము నరసిరి. వానిలో 32 పరిశీలనలయందు ఏండ్లు పెరిగినకొలది చూచిన ప్రతి యంశమునందును ప్రమాణము తగ్గుచు వచ్చెను. అన్ని యంశములందును పెరిగినట్లు చూపినది ఒక్కటియే. వీనిలో అధికభాగము విషయజ్ఞానమును, నిర్ణీత పద్ధతుల నవలంబించుటను కొలిచినవే. శస్త్రచికిత్స చేయు చేతి నేర్పును ఇట్లే తూచరాదు. రోగి ముఖము చూచి వ్యాధి నూహింపగల పెద్దల నేర్పును మేము తృణీకరించుటలేదు. కాని నెరసిన జుట్టు చూచి ధైర్యము తెచ్చుకొను రోగికి ఈ లెక్క తెలియదనుట నిజము.

దిద్దుకొనిన వైద్యు లెట్టివారో చూడవలెనన్న సికిందరాబాదు బేగంపేట దగ్గఱనే యున్నది. మలేరియా రోగి రక్తములో నుండు పరాన్నజీవిని లావెరాన్ 1880 లో కనుగొనెను. మఱుసటి యేడు భారత వైద్యసర్వీసులో చేరిన రొనాల్డ్ రాస్ చాలకాలము దానిని సందేహించుచునే యుండెను. 1894 లో సెలవుమీద లండను పోయినపుడు ప్యాట్రిక్ మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో కంటికి చూపెను. అప్పటికి రాస్ సర్వీసులో పదుమూడేండ్లు గడపినవాడు. చూచినదానిని ఒప్పుకొనెను. మూడేండ్లకు, 1897 ఆగస్టు 20 వ తేదీన, దోమ కడుపులో ఆ జీవిని తానే చూచెను. అతనిని మార్చినది సభ కాదు, ఉపన్యాసము కాదు. ఒక తోటి వైద్యుడు ప్రక్కన కూర్చుండి చూపిన యొక రక్తపు చుక్క.

నేటి విద్యాసభల మాటకు వత్తము. మంచి సభలు లేవని కాదు. కాని పెక్కు సభలు పెద్ద హోటళ్ళలో జరుగును. వేదిక వెనుక మందుల కంపెనీల పేర్లుండును. ఏ మందు వాడవలెనో చెప్పు ఉపన్యాసమునకు ఆ మందమ్ము వాడే దీపము పట్టుట న్యాయశాస్త్రములో ఏ సాక్షికిని చెల్లని పని. ఈ సంగతి పాలకు లెఱుగరా? ఎఱుగుదురు. వైద్యులు కంపెనీలనుండి కానుకలు, ప్రయాణవ్యయములు పుచ్చుకొనరాదని 2009 డిసెంబరులోనే వైద్యమండలి నిషేధించినది. అట్టి కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపుపన్ను లెక్కలో తగ్గించుకొనరాదని 2022 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు అపెక్స్ లేబొరేటరీస్ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషను ఇంకొక యడుగు వేసి, కంపెనీలు ప్రత్యక్షముగాగాని పరోక్షముగాగాని పోషించు విద్యాసభలలో వైద్యులు పాల్గొనరాదని క్రొత్త నిబంధనలు ప్రకటించినది. వైద్యుల సంఘమును, ఔషధ తయారీదారుల సంఘమును అభ్యంతరములు తెలిపినవి. మూడు వారములలోనే, ఆగస్టు 23 వ తేదీన, ఆ నిబంధనలన్నియు నిలిపివేయబడి, 2002 నాటివే మరల అమలులోనికి వచ్చినవి. ఆ నిబంధనలలో వైద్యులకు న్యాయముగా అభ్యంతరము కలుగదగిన అంశములు వేఱే యుండెను. మందుల పేర్ల విషయమున వారు చెప్పినదానిలో ఆలోచింపదగినది కలదు. కాని చదువునకు కంపెనీ సొమ్మువలదను నియమము కూడ వానితోపాటు మూలబడుట మాకు విచారకరము.

చట్టము చూచుకొనునులెమ్మని యూరకుందమా? 1957 లో ఇంగ్లండున బోలమ్ వ్యాజ్యములో స్థిరపడిన సూత్రమునే మన సుప్రీముకోర్టు 2005 లో జేకబ్ మాథ్యూ వ్యాజ్యమున అంగీకరించినది. సాధారణ నైపుణ్యముగల వైద్యుడు చేయు పనిని చేసినచో చాలును, అత్యుత్తముడు గానక్కఱలేదు. ఆ నైపుణ్యమును కొలుచుటకు కోర్టు చూచునది సంఘటన జరిగిననాటి శాస్త్రజ్ఞానమును. విచారణ నాటిదానిని గాదు. పట్టా నాటిదానిని అంతకన్నను గాదు. ఈ కడపటి మాట వైద్యులు మనసున బెట్టుకొనవలెను. అయినను కోర్టు వచ్చునది కీడు జరిగిన పిదప. నష్టపరిహారము పుచ్చుకొన్న భార్యకు భర్త తిరిగి రాడు.

మఱి యేమి చేయవలెను? ఇంగ్లండులో 2012 డిసెంబరునుండి ప్రతి వైద్యుడును అయిదేండ్ల కొకమారు తన యోగ్యతను తిరిగి నిరూపించుకొనవలెను. ఏటేట తోటి వైద్యునితో కూర్చుండి తన పనిని సమీక్షించుకొనుటయు, రోగుల యొక్కయు సహోద్యోగుల యొక్కయు అభిప్రాయములు సేకరించుటయు అందలి భాగములు. ఒకే పూట వందమంది రోగులను చూడవలసిన మన వైద్యునిపై దాని నంతయు మోపుట మా యుద్దేశము గాదు. పొరుగున కేరళము చేసిన పని యొకటి మనకు సాధ్యమే. 2004 నుండి అచ్చటి ప్రసూతివైద్యుల సమాఖ్య కాన్పులలో జరిగిన మరణముల నొక్కొక్కదానిని గోప్యముగా పరిశీలించుచున్నది. తల్లి పేరు, వైద్యుని పేరు, ఆసుపత్రి పేరు బయటికి రావు. ఎచ్చట ఆలస్యమైనది, రక్తస్రావము నెప్పుడు గుర్తింపవలసినది, ఏమి చేసియుండిన బ్రదికియుండును అను ప్రశ్నలే అడుగుదురు. తేలినదానినిబట్టి కాన్పుగదిలో పద్ధతులు మార్చుకొనుచున్నారు. ఇది చదువు. తన చేతిలో పోయిన రోగిని గూర్చి తోటివారి యెదుట నోరు విప్పిన గంట, హోటలులో విన్న పది గంటలకు సరి.

వైద్యుల భయము మాకు తెలియును. నోరు విప్పిన మాట మఱునాడు వకీలు చేతిలో సాక్ష్యముగా మాఱునేమో యని వారి జంకు. అది నిరాధారము గాదు. మా వృత్తివా రట్టి కాగితమును విడిచిపెట్టరు. కావున ఇట్టి గోప్యసమీక్షలలో పలికిన మాటలను వ్యాజ్యములలో సాక్ష్యముగా పుచ్చుకొనరాదని శాసనమే చేయవలెను. రోగి చీటీలు, ఆసుపత్రి రికార్డులు మాత్రము ఎప్పటివలె కోర్టునకు రావలసినవే. రోగి హక్కునకు లోటు రాదు, వైద్యుని నోరును మూతపడదు.

విద్యార్థుల సంగతి వేఱు. 2019 లో వచ్చిన వైద్యవిద్యా ప్రణాళికలో పట్టభద్రుడు పోషింపవలసిన అయిదు పాత్రలలో యావజ్జీవ విద్యార్థి యనునదియు నొకటి. కాగితముమీద చక్కగానున్నది. కాని పైచదువు ప్రవేశపరీక్షలో నాలుగు సమాధానములలో ఒకటి గుర్తించుటయే విద్య యైనపుడు, పడక ప్రక్క నిలిచి రోగి మాట వినవలసిన కుఱ్ఱవాడు శిక్షణాలయపు పుస్తకము ముందఱ కూర్చుండుటలో వింత యేమున్నది? ఆ పుస్తకములో సందేహమునకు తావులేదు. తెలియదనుటకు మార్కులు లేవు. వార్డులో ప్రొఫెసరే యొకమారు, ఇది నాకు తెలియదు, చూచి రేపు చెప్పుదునని విద్యార్థుల యెదుట పలికినచో ఆ పూట పాఠము వారు మఱవరు.

ఇక పుస్తకముల సంగతి. 2025 జనవరినుండి కేంద్రప్రభుత్వము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయముతో సుమారు 13,000 విద్వత్పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల కందించుచున్నది. ఘనమైన పని. ప్రభుత్వ వైద్యకళాశాలలోని విద్యార్థికి లాభము కలుగును. అతడే పట్టా పుచ్చుకొని కావలిలోనో, సూళ్ళూరుపేటలోనో స్వంత ఆసుపత్రి పెట్టిన మఱునాటినుండి ఆ తలుపు వానికి మూసికొనును. చదువవలసిన కాలము మొదలైనది అప్పుడే. రిజిస్టరులో పేరున్న ప్రతి వైద్యునికిని, ఆ రిజిస్టరు నంబరు మీదనే ఈ పత్రికలు తెఱచునట్లు చేయుట కమిషనునకును ప్రభుత్వమునకును కష్టము గాదు. కంపెనీ ప్రతినిధి వచ్చి బల్లమీద పెట్టిపోవు రంగుల కాగితము దప్ప వేఱొండు చదువుటకు దొరకని యా వైద్యుడే, ఈ చెన్నపురికి వచ్చిన రోగి చేతిలోని చీటి వ్రాసినవాడు.