టమోటాకు కనీస ధర కోరుతూ వినతిపత్రం

చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి,
పలమనేరు, వి.కోట ప్రాంతాల సన్నకారు, కౌలు కూరగాయల రైతులు చేసుకునే విన్నపం.

అయ్యా,

మేము బోరు కింద ఎకరా, ఎకరన్నర టమోటా, బీన్స్ పెట్టుకుని బతికేవాళ్లం. డ్రిప్పు వేశాం, మల్చింగ్ షీటు పరిచాం, నర్సరీ నారు తెచ్చి నాటాం. కాపు బాగానే ఉంది. మిగులే లేదు.

మాలో ఒకరికి మండీలో ఇచ్చిన పట్టీ చూడండి. 25 కిలోల పెట్టె 125 రూపాయలకు పోయింది, అంటే కిలో 5. అందులో కమీషన్ 12.50. కోతకూలి 20, బండి బాడుగ, దించుకూలి కలిపి 25. చేతికొచ్చింది 67.50, కిలోకు 2.70. నారు, ఊతకర్రలు, పురికొస, ఎరువులు, మందులు, అన్నీ ఆ 2.70లోనే తేలాలి. ఇక 'జాక్‌పాట్' పేరుతో ఊరికే పట్టుకునే పెట్టెలకు పట్టీలో గడి కూడా ఉండదు.

2023 జూలైలో ధర మండినప్పుడు కేంద్రం నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సహకార సంస్థలతో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మండీల్లో టమోటా కొనిపించి ఢిల్లీలో కిలో 90కి అమ్మించింది. తినేవాళ్ల కోసం దిగిన చెయ్యి, ధర పడిపోయి మేము కాయలు చేలోనే వదిలేసే రోజున ఎందుకు దిగదు? మన జిల్లాలోనే 2025లో తోతాపురి మామిడికి కిలో 12 గిట్టేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 అని నిర్ణయించారు. మామిడికి కుదిరింది టమోటాకూ కుదరాలి. కేరళ 2020 నవంబరు 1 నుంచే 16 రకాల పంటలకు కనీస ధర కట్టింది, సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి. అప్పట్లో టమోటాకు కిలో 8. మేమూ అదే పద్ధతి అడుగుతున్నాం: మన మండలాల ఖర్చు లెక్కగట్టి ధర ప్రకటించండి, అంతకన్నా తగ్గిన రోజు తేడా మా ఖాతాల్లో వేయించండి.

మండీల్లో చట్టం ఒప్పిన కమీషనే పట్టేలా, జాక్‌పాట్ ఆగేలా తనిఖీ పెట్టించండి. తూకం, ధర, ప్రతి కోతా పట్టీలో అచ్చయి ఉండాలి.

తేడా సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందన్నది కౌలు రైతుకు పెద్ద ప్రశ్న. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం, పెట్టకపోతే మాకు కార్డు లేదు. పంట పెట్టినవాళ్లెవరో ఊరందరికీ తెలుసు. అందుకే గ్రామసభలో ఒప్పుకున్న పేరునే ఈ-క్రాప్ పంట నమోదులో ఎక్కించేలా ఆదేశాలివ్వండి, పై అనుమతి కావాలంటే ప్రభుత్వానికి రాయండి.

ఇంకొకటి చిన్నదే. జిల్లాలోని సంక్షేమ హాస్టళ్లకు రోజూ కూరగాయలు కావాలి. మా రైతు సంఘాల నుంచి నేరుగా కొనిపిస్తే వాళ్లకు తాజా సరుకు, మాకు బాడుగ మిగులు.

వచ్చే కోతలు మొదలయ్యేలోపు మమ్మల్ని, మార్కెటింగ్, ఉద్యాన శాఖల అధికారులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని కోరుతున్నాం.

ఇట్లు,
సన్నకారు, కౌలు కూరగాయల రైతులు
జత: మండీ పట్టీల నకళ్లు